లేబుల్ లేని రక్తం

పైన ఆపరేషన్ మొదలైపోయింది. లేబుల్ అంటించనిదే రక్తం సంచి బ్లడ్ బ్యాంకు గడప దాటదు. పొద్దున కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్ ఎక్కించినప్పటి నుంచీ లేబుళ్ళ ప్రింటర్‌లో పచ్చలైటు వెలుగుతోందే తప్ప అది ఉలకదు, పలకదు. కంప్యూటర్ మెకానిక్ ప్రింటర్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని మూడోసారి తీసి మళ్ళీ ఎక్కించాడు.

"అన్నయ్యా..." అంది నర్సు.

"ఉండమ్మా! ఈ దిక్కుమాలిన సిస్టమ్ బంగారంలాంటి ప్రింటర్‌ని పొట్టన పెట్టుకుంది!"

ఫోను మోగింది. "ఇంకా ఎంతసేపు?" అని డాక్టరు అరిచాడు. మెకానిక్ నాలుగోసారి డ్రైవర్ తీయడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, ఇప్పుడు ప్రింటర్ వైరు కంప్యూటర్‌కి పెట్టనా?"

"ఏ వైరు?"

"పొద్దున మీరే ఫోన్లో పీకెయ్యమన్నారుగా. మీరు చెప్పేదాకా ముట్టుకోవద్దన్నారు. ఇందాకట్నుంచీ అదే అడుగుదామని..."