షియాన్‌లో ఖాళీ గిన్నెలు

మస్కట్‌లో మా ముగ్గురి తిరుగుడంతా కార్లోనే. అల్ ఖువైర్‌లో బ్యాంకు డ్యూటీ అయ్యాక టీ కొట్టు ముందు కారాపి హారన్ కొడితే, టీయే మా దగ్గరికి నడిచొస్తుంది. అలా టీ తాగుతూ ఒక సాయంత్రం విశ్వేశ్వరరావుగారు, "నాకు ఫైనల్ ఎగ్జిట్ ఇచ్చేశారయ్యా, ఇక్కడి ఉద్యోగం సరి. వచ్చే నెల కాకినాడ" అన్నారు. అంతే, మళ్లీ నోరు విప్పలేదు. తిట్టినా, ఏడ్చినా బాగుండేది. పెద్దాయన ఆ బరువు అలాగే మోసుకుని విమానం ఎక్కేస్తారేమోనని నాకు బెంగ పట్టుకుంది.

బెంగకు నా దగ్గరున్న మందు ఒక్కటే, వాగుడు. ఈద్ సెలవులకు మాలో మూడోవాడైన జయదేవ్‌ని కూడా లాగి, ముగ్గురికీ చైనాలోని షియాన్‌కి టిక్కెట్లు తీశాను.

"హాయిగా ఈ దేశంలోనే సలాలా పోదామంటే చైనా ఏంటి గురూ? నీకేం తెలుసని?" అన్నాడు జయదేవ్.

"చైనా చరిత్ర నాకు అరచేతిలో ఉసిరికాయరా" అన్నాను. ఉసిరికాయ వగరని తర్వాత తెలిసింది.

పాత కోటగోడ ఎక్కించి, "ఈ గోడ మీదైనా మీ గోడు వెళ్లబోసుకోండి సార్" అన్నాను. ఆయన తలూపారు. రెండువేల ఏళ్లనాటి మట్టి సైనికుల బొమ్మల దగ్గర, "చూశారా, ఏ ఇద్దరి ముఖమూ ఒకలా లేదు. మన బ్రాంచిలో అందరికీ ఒకటే, ఏడుపుముఖం" అన్నాను. జయదేవ్ నవ్వాడు. ఆయన మాత్రం మట్టిబొమ్మలా నిలబడి సైనికుల్లో కలిసిపోయారు. షియాన్‌లో నా హాస్యం శయనించింది.

మధ్యాహ్నం ముస్లింలుండే ఓ పాత వీధిలో హోటల్ బోర్డు మీద అరబీ అక్షరాలు కనిపించేసరికి సొంతూరొచ్చినట్టయింది. బొమ్మ చూపించి మటన్ పులుసు చెప్పాం. బొద్దుగా ఉన్న యజమానురాలు ముగ్గురికీ పెద్ద గిన్నెలు పెట్టి, ఒక్కోదాంట్లో రెండేసి ఎండు రొట్టెలు వేసి వెళ్లిపోయింది. పులుసు జాడ లేదు.

"ఏం చేద్దాం గురూ?"

"ఇది వీళ్ల పద్ధతిరా. ముందు రొట్టె, వెనక పులుసు. కానివ్వండి" అని తీర్పిచ్చి, సంచిలోంచి గోంగూర సీసా తీశాను. గోంగూరుంటే గోడనైనా నంజుకుంటాం కదా, రొట్టెలెంత? ఊడ్చిపెట్టేశాం.

ఆవిడ గిన్నెలు తీసుకెళ్లడానికొచ్చి ఆగిపోయింది. గిన్నెల్లోకి చూసింది. బల్ల కిందకి చూసింది. చివరికి మా పొట్టల కేసి చూసి, వంటింట్లోంచి మొగుణ్ణి పిలిచింది. ఆయన గరిటెతో సహా వచ్చాడు. పక్క బల్లవాళ్లు జాలిపడి చేసి చూపించారు. రొట్టెని ఎవరికి వాళ్లే శనగగింజలంత ముక్కలు చేసి గిన్నె వెనక్కిస్తే, వాళ్లు దాన్ని పులుసులో ఉడికించి తెస్తారట. మన సామెతలో రొట్టె తనే విరిగి నేతిలో పడుతుంది. ఇక్కడ విరిచే పని మనది. నేను విరిచింది మా పరువొక్కటే.

విశ్వేశ్వరరావుగారి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. కళ్లు తుడుచుకుంటూ తలెత్తారు. "పిండి తినేసి, అట్లు పొయ్యమని పెనం చేతికిచ్చాం కదయ్యా!"

హోటలంతా వినబడేలా నవ్వారు. తెలుగు ముక్క తెలియని వాళ్లు కూడా నవ్వారు.

కొత్త రొట్టెలొచ్చాయి. తుంచడం మొదలెట్టాం. నా ముక్కలు చూసి ఆవిడ, ఇంకా చిన్నవి చెయ్యాలని వేళ్లతో చూపించింది. ఆ పని తెమిలేది కాదు.

"మా ఊళ్లో అందరూ నన్ను మస్కట్ రావుగారంటారయ్యా" అన్నారాయన, చూపు రొట్టె మీదే ఉంచి. "మస్కట్ పోయాక ఏమని పిలుస్తారో."

నాలుక చివరికి శ్లేష ఒకటి ఉరికింది. కొరుక్కున్నాను.

"సొంతిల్లే. కట్టిందీ నేనే. ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో మాత్రం తెలీదు. మా ఆవిణ్ణి అడగాలి, చుట్టంలా."

"మరి అడుగుతారా సార్?" అన్నాడు జయదేవ్ మెల్లగా.

"అడగాలనే ఉందయ్యా. మొహమాటంగా ఉంది."

హోటలావిడ గిన్నెల కోసం మళ్లీ వచ్చింది. జయదేవ్‌ది తీసుకుంది, నాది తీసుకుంది. ఆయన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకా ఉందమ్మా" అన్నారు, తెలుగులోనే.

ఆవిడ చేతిలోంచి నా గిన్నె వెనక్కి లాక్కుని, ఇంకో రొట్టె తెమ్మని సైగ చేశాను.