నిండిన డిస్కు

మిగ్దాలియా మొగుడు ఉబాల్దోకి ఒళ్లు వంచకుండా డబ్బొచ్చే దారులంటే మహా ఇష్టం. క్యూబాలోని మతాన్సాస్‌లో కరెంటు ఉండే గంటలకన్నా పోయే గంటలే ఎక్కువ కాబట్టి, ఈసారి కరెంటు పెద్దగా తాగని దారి పట్టాడు.

"బిట్‌కాయిన్ వాళ్లు రేయింబవళ్లు లెక్కలు చేసి, పని చేశామని రుజువు చూపాలి. మనకా గొడవ లేదే. డిస్కు నిండా అంకెలు నింపి ఉంచితే చాలు. ఎక్కడెక్కడి యంత్రాలో 'ఫలానా అంకె నీ దగ్గరుందా?' అని అడుగుతాయి. ఉందని చూపిన వాళ్లలో ఒకడికి నాణెం."

"అంటే పని చెయ్యక్కర్లేదు, చోటు ఆక్రమించుకుని కూర్చుంటే చాలన్నమాట. నీకోసమే పుట్టిందయ్యా," అంది మిగ్దాలియా, నల్ల చిక్కుడు గింజల్లో రాళ్లు ఏరుతూ.

పేటలో ఆడపిల్లలకి పదిహేనేళ్లు నిండితే ఫొటోలు తీసేది ఆవిడే. పిల్ల పుట్టిన నాటి నుంచీ తల్లులు ఆ ఒక్క రోజు కోసం కూడబెడతారు. ఏప్రిల్‌లో ఒదాలిస్ కూతురు లియానెట్‌ని ఏడు గౌన్లలో తీసి, ఆ ఫొటోలు పెద్ద డిస్కులో దాచింది. ఉన్న ఒక్క కంప్యూటరుకే ఆ డిస్కు తగిలించి ఉండేది. ఇల్లు ఊడ్చేటప్పుడల్లా తెర మీద డిస్కు నిండుగా ఉందని చూపే ఎర్రగీత చూసి, భద్రమే అనుకునేది.

ఆల్బమ్ కాగితం ఊళ్లోకి రావడానికి రెండు నెలలు పట్టింది. ఒదాలిస్ ఎంచుకోవడానికి వస్తానన్న ఉదయం మిగ్దాలియా డిస్కు తెరిచింది. అన్నీ ఒకే సైజు ఫైళ్లు. ఒక్కటీ ఫొటో కాదు.

"ఉబాల్దో, ఇవేంటి?"

"నా అంకెలే," అంటూ వచ్చి తొంగిచూశాడు. మొహం పాలిపోయింది. "ఇది... పాత సినిమాల డిస్కు కాదూ?"

"వెనక్కి రావా?"

"వాటి మీదే అంకెలు పడ్డాయే. రావు."

ముక్కూమొహం తెలియని యంత్రాలు రెండు నెలలుగా ఆ చెత్త అంకెలు ఉన్నాయా అని కరెంటు ఉన్నంతసేపూ అడుగుతూనే ఉన్నాయి. పిల్ల ఫొటోలు ఉన్నాయా అని ఒక్కసారి ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

"కరెంటు పోయి వచ్చేసరికి కాలిపోయిందని చెబుదాం. ఈ ఊళ్లో నమ్మనివాడుండడు," అని గొణిగాడు ఉబాల్దో.

మెట్ల మీంచి ఒదాలిస్ కేక. "అక్కా, కాఫీ పెట్టావా?"

మిగ్దాలియా తలుపు తీసి, ఆమెను కూర్చోమనైనా అనకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఒదాలిస్ పకపకా నవ్వింది. "చాల్లే అక్కా, నీ వేళాకోళం!" ఉబాల్దో మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

"ఒక్కటీ లేదా? కెమెరాలో?"

"దాంట్లో తర్వాతి పిల్లవి తీశాను."

ఒదాలిస్ గుమ్మంలోనే చతికిలబడింది. చాలాసేపు వేళ్లు మడుచుకుంటూ ఏదో గుర్తుచేసుకుంది. మూడో వేలు దగ్గర ఆగిపోయింది.

"అక్కా, మూడో గౌను ఏ రంగు?"

మిగ్దాలియా నోరు తెరిచింది. ఎంత వెతుక్కున్నా ఏ రంగూ గుర్తుకు రాలేదు.