అంకోర్‌వాట్‌లో తలనీలాలు

దోహా నీళ్ళకి జుట్టు నిలవదని అక్కడి తెలుగువాళ్ళ ఏకాభిప్రాయం. మిగతా విషయాల్లో ఏ ఇద్దరికీ పడదు గానీ, ఈ ఒక్క విషయంలో బట్టతలలన్నీ ఒకే మాట మీద ఉంటాయి. అలాంటి ఊళ్ళో, యాభై దాటిన వయసులో, వేణుగోపాలరావుకి నెత్తినిండా జుట్టు! రంగు వేస్తాడనుకోండి, అయినా రంగు వెయ్యడానికి ముందు జుట్టంటూ ఉండాలి కదా. అల్ మన్సూరాలో వాళ్ళ బిల్డింగ్ లిఫ్ట్ ఎక్కితే చాలు, అద్దంలో చూసుకుంటూ వెనక్కి దువ్వుకునేవాడు. పక్క ఫ్లాట్‌లో ఉండే నిజామాబాద్ ముజఫ్ఫర్ అలీ తన నున్నటి తల తడుముకుని, "క్యా బాత్ హై సార్! ఏం రాస్తున్నరో మాక్కూడ జర చెప్పుండ్రి" అనేవాడు.

"రాస్తే వచ్చేది కాదు భాయ్, వంశంలో ఉండాలి" అని ఈయన కోతలు కోసేవాడు.

కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని తెలిసి, ఈయన భార్య భానుమతి మొక్కుకుంది. ఉద్యోగం నిలబడితే విష్ణుమూర్తికి తలనీలాలు ఇస్తానని. తనవి కాదు, మొగుడివి! ఉద్యోగం నిలబడింది. ఈయన గుండెల్లో రాయి పడింది.

"నన్నొక్క మాట అడగొద్దుటే?"

"అడిగితే ఒప్పుకునేవారా ఏంటి?"

తిరుపతి వెళ్తే ఇంక అంతే సంగతులు. కూర్చోబెట్టిన మరుక్షణం గుండు. రాత్రంతా బుర్ర గోక్కుని, తెల్లారేసరికి ఓ ఎత్తు వేశాడు. "ఎప్పుడూ వెళ్ళే గుడి ఎందుకు భానూ? విష్ణుమూర్తికి కట్టిన మహా పెద్ద గుడి కంబోడియాలో ఉంది. ఈద్ సెలవులకి అంకోర్‌వాట్ వెళ్దాం." శిథిలాల్లో పూజారి ఉండడు, మంగలి అసలే ఉండడు, మొక్కు దానంతటదే అటకెక్కుతుంది. ఆ సంగతి తెలియని ఆ ఇల్లాలు, "ఎంత మంచివారండీ మీరు!" అని కళ్ళొత్తుకుంది.

అక్కడ భానుమతి పట్టుచీర కట్టి, కొబ్బరికాయ పట్టుకుని, దేవతలూ రాక్షసులూ పాలసముద్రం చిలికే శిల్పాల ముందునుంచి చకచకా నడుస్తుంటే, వెనకాల ఈయన జుట్టు గాలికి వదిలి సెల్ఫీలు దిగుతున్నాడు.

"గుండు కొట్టే చోటు ఎక్కడ బాబూ?" అని ఆవిడ గైడ్‌కి సైగలు చేసింది. అతను టాయిలెట్ చూపించాడు.

"ప్చ్! స్వామికి ఇష్టం లేదేమోనే. మనం మాత్రం ఏం చేస్తాం!" అని వేణుగోపాలరావు మొహం వేలాడేశాడు. లోపల మాత్రం ఎగిరి గంతేశాడు.

అదిగో, అప్పుడే ఎదురొచ్చారు, కాషాయాలు కట్టిన బౌద్ధ భిక్షువులు. అందరివీ గుండ్లే! భానుమతి వాళ్ళ తలల వంక చూసింది, మొగుడి తల వంక చూసింది.

"ఏమండీ, వీళ్ళకి ఎవరు చేస్తారో?"

గైడ్‌ని కనుక్కుంటే, వాళ్ళకి వాళ్ళే చేసుకుంటారట. ఆవిడ దణ్ణం పెట్టి, మొగుడి జుట్టు పట్టుకుని చూపించింది. పెద్ద భిక్షువు పరమానందంగా తలూపాడు. గుడి ఆవరణలోనే ఉన్న మఠానికి తీసుకెళ్ళి, బకెట్ ముందు కూలేసి, నున్నగా గీసేశారు. సన్యాసం పుచ్చుకుంటాడనుకున్నారో ఏమో, చివర్లో ఓ కాషాయబట్ట కూడా తెచ్చారు. దానికి మాత్రం భానుమతి ససేమిరా అంది.

దోహాలో లిఫ్ట్ దగ్గర ముజఫ్ఫర్ అలీ ఈయన్ని ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక గట్టిగా వాటేసుకున్నాడు. "ఆఖర్కి మీయి గూడ పోయినయా సార్! ఫికర్ చెయ్యకుండ్రి, మేమంత లేమా?"

"పోలేదు భాయ్! మొక్కు! నేనే ఇచ్చాను!"

"అట్లనే అంటరు సార్. నేను గూడ మొదట్ల ఫ్యాషన్ అనే చెప్పుకున్న."

"మళ్ళీ వస్తుంది, చూస్తూ ఉండండి!" అని ఈయన పౌరుషంగా లోపలికి వెళ్ళిపోయాడు.

వచ్చింది. చెవులపైన వచ్చింది, వెనక వచ్చింది. నెలలు గడిచినా నడినెత్తిమీద మాత్రం పోచ మొలవలేదు. ఓ ఉదయం అద్దం ముందు నిలబడి, "ఇంక రాదంటావా భానూ?" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

భానుమతి ఆ తలని వెలుతురుకి తిప్పి చూసింది. భక్తిగా రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకుంది.

"ఎలా వస్తుందండీ? ఎన్ని వందల ఏళ్ళకి ఒకళ్ళు ఇచ్చారో పాపం, స్వామి కుదుళ్ళతో సహా తీసేసుకున్నాడు."