టైరుకు కుట్టిన చొక్కా

చిరిగినదాన్ని పారేసేవాళ్లంటే దర్జీకి ఒళ్లుమంట. మోకాలు చిరిగిన ప్యాంటు, కాలరు నలిగిపోయిన చొక్కా, జిప్పు ఊడిన సంచి, ఆఖరికి గాలికి చీలిపోయిన గొడుగు, ఏది తెచ్చిచ్చినా ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, వేళ్ల మధ్య నలిపి చూసి, "దీనికేం, నిక్షేపంలా ఉంది. ఒక్క అతుకు పడితే ఇంకో అయిదేళ్లు వస్తుంది" అనేవాడు. వచ్చేది కూడా. ఆ వీధిలో సగం మంది ముప్పై ఏళ్లుగా ఆయన అతుకుల మీదే కూర్చుని లేస్తున్నారు. పని తెలిసినవాడు, అందులో అనుమానం లేదు. చిక్కల్లా ఆ తెలివిని తీసుకెళ్లి కారు టైర్ల మీద పెట్టడంతో వచ్చింది.

కారు ఆయన వయసుకి తగినదే. చిన్నది, తెల్లది, ఒక తలుపు మాత్రం నీలం. పక్క సీటు భార్యది. ఆమె కళ్ల ఆసుపత్రిలో చీటీలు రాస్తుంది. రోజూ పొద్దున ఆమెను ఆసుపత్రి గేటు దగ్గర దింపి వచ్చి ఆయన దుకాణం తీస్తాడు. ఇంట్లో ఉన్నంతసేపూ పనులు, దుకాణంలో ఉన్నంతసేపూ మిషను చప్పుడు. కారులో ఆ ఇరవై నిమిషాలే ఇద్దరూ నోరారా మాట్లాడుకునేది. ఆసుపత్రిలో ఎవరు ఎవరితో మాటలు మానేశారో ఆమె చెప్పేది, ఎవరి చొక్కా చెయ్యి పొట్టిగా కత్తిరించి ఫ్యాషనని నమ్మించాడో ఆయన చెప్పేవాడు. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, దర్జీకి రోజు మొత్తంలో ఇష్టమైన సమయం అదే.

ఒక ఆదివారం వెనక టైరులో గాలి దిగితే ఇద్దరూ కలిసి టైర్ల షాపుకి వెళ్లారు. షాపు ఎవరిదో కాదు, ఆమె తమ్ముడిదే. బావమరిది గోనెపట్టా పరుచుకుని కూర్చుని టైరు తిప్పి చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత లేచి మిగతా మూడూ చూసొచ్చాడు.

"బావా, పంక్చరు సంగతి తర్వాత. వీటిని టైర్లంటారా? గుండ్లు."

"ఏం, బాగానే తిరుగుతున్నాయిగా?"

"గుండైనా తిరుగుతుంది. ఇటు చూడు. టైరు మీది ఈ గాడుల అడుగున అక్కడక్కడా చిన్న చిన్న దిమ్మెలు ఉన్నాయా? టైరు అరిగి అరిగి ఆ దిమ్మెలతో సమానమైందంటే ఇంక మార్చేయమని అర్థం. నీవి సమానమై ఎన్నాళ్లైందో ఆ పైవాడికే తెలియాలి. ఇదిగో, ఈ నాలుగంకెలు ఇది పుట్టిన వారం, పుట్టిన ఏడాది. పదకొండేళ్లు దాటింది."

"పదకొండేళ్లంటే పసివాడేగా."

"మనిషైతే పసివాడే. టైరైతే ముత్తాత." బావమరిది టైరు పక్కకి తిప్పాడు. "మేకు నడిమధ్యలో దిగితే నేను పంక్చరు వేసి పంపిస్తాను, పేచీ లేదు. కానీ పక్కన ఈ బుడిపె చూడు, నిమ్మకాయంత ఉంది. లోపల దారాలు తెగితే ఇలా ఉబ్బుతుంది. దీనికి అతుకు వేసే మొనగాడు లోకంలో లేడు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. లోపల దారాలుంటాయనీ, అవి తెగాయనీ, వాటిని బాగుచేసేవాడు లోకంలో లేడనీ ఒక దర్జీ మొహం మీద చెప్పడం కొరివితో తల గోక్కోవడమే. దర్జీ కళ్లజోడు సర్దుకుని బుడిపెను బొటనవేలితో నొక్కి చూశాడు. ఆయన కంటికి అది జబ్బులా కనిపించలేదు. నడుము దగ్గర వదులైన చొక్కాలా కనిపించింది.

"నాలుగూ మార్పించండి" అంది భార్య.

"ఊరుకోవోయ్. మంగలిని అడిగితే జుట్టు పెరిగిందనే అంటాడు. నీ తమ్ముడు టైర్లమ్ముకునేవాడు, ఇంకేమంటాడు?"

"అయితే మార్చేదాకా నేనీ కారెక్కను."

ఆమె ఏడాదికి ఒక్కసారి పంతం పడుతుంది. ఆ ఏడాది పంతం అదన్నమాట. సోమవారం పొద్దున ఆయన పంక్చరు మాత్రం వేయించిన కారు తీసి తలుపు తెరిచి నిలబడేసరికి ఆమె సంచి భుజాన వేసుకుని ఆయన ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కింది.

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. దర్జీ కారెక్కి బస్సు వెనకాలే బయల్దేరాడు. ఆసుపత్రి దాకా వెళ్లి, గేటు దగ్గర ఆమె దిగగానే కిటికీలోంచి తల బయటపెట్టి, "కారు ఇక్కడిదాకా వచ్చిందా లేదా?" అన్నాడు. ఆమె విసవిసా లోపలికి వెళ్లిపోయింది. మంగళవారమూ అంతే. బుధవారానికి సిగ్నల్ దగ్గర బస్సు పక్కనే కారు ఆపి, కిటికీలో కూర్చున్న భార్యతో మాట్లాడటం మొదలుపెట్టాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే ఆయనకి ఏమీ తోచడం లేదు మరి.

"సాయంత్రం కూరగాయలు తేనా?" అని అరిచాడు.

"తెండి. టైర్లు కూడా తెండి!" అని ఆమె అరిచింది.

బస్సంతా గొల్లుమంది. గురువారానికి బస్సులో రెండు పార్టీలు తయారయ్యాయి. ముందు సీట్లవాళ్లు దర్జీ పక్షం, వెనక సీట్లవాళ్లు ఆమె పక్షం. కండక్టరు ఏ పక్షమూ కాదు. "అమ్మా, మీ ఆయన నాలుగు రోజులుగా టికెట్టు లేకుండా మా బస్సుతోపాటు ప్రయాణం చేస్తున్నాడు, నేను పైవాళ్లకి ఏం చెప్పుకోను?" అని మాత్రం అడిగాడు.

ఈలోగా టైరు బుడిపె నిమ్మకాయ దాటి బత్తాయంత అయింది. దర్జీ దాన్ని చూసి భయపడాల్సింది పోయి కొలతలు తీసుకున్నాడు. మెడలో టేపు తీసి, టైరు చుట్టుకొలత, వెడల్పు, బుడిపె దగ్గర వదులు, అన్నీ ఆర్డర్ల పుస్తకంలో రాసుకున్నాడు. పేరు దగ్గర 'వెనక కుడి' అని రాశాడు. మూడు పొరల కాన్వాసు గుడ్డ, మైనం పట్టించిన దారం, రెండు వరసల కుట్టు, లోపలివైపు బిగించి కట్టుకోవడానికి రింగులూ తాడూ. మున్ముందు టైరు ఇంకాస్త లావెక్కితే విప్పుకోవడానికి అంచుల్లో రెండు వేళ్ల గుడ్డ మిగిల్చాడు. అలవాటు కొద్దీ జేబు కూడా పెట్టబోయి, ఆఖరి నిమిషంలో ఆగాడు. అంత శ్రద్ధగా ఆయన మనుషులకి కూడా ఎప్పుడూ కుట్టలేదు.

తొడిగి చూస్తే ఎక్కడా ముడత లేదు. బుడిపె కనిపించనే లేదు. దర్జీ ఆనందం పట్టలేక కారు వేసుకుని నేరుగా బావమరిది షాపుకే వెళ్లాడు. బావమరిది చక్రం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియక గోనెపట్టా మీద కూలబడ్డాడు.

"పైన పటారం, లోన లొటారం. బావా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. బాగా చివికిపోయిన బట్ట ఒకటి నీ దుకాణానికి తెచ్చారనుకో. సూది గుచ్చితే చాలు, చుట్టూ ఉన్న బట్టే పొడిపొడిగా రాలిపోతోంది. ఏం చేస్తావు?"

దర్జీ దగ్గరికి అలాంటివి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. అతుకుల మీద ఎంత ప్రేమున్నా, వాటిని ఆయన మడతపెట్టి వెనక్కిచ్చేస్తాడు. కుట్టు వేయడానికి పట్టు ఉండాలి, పట్టు లేనిచోట ఎంత గట్టి కుట్టైనా దండగని ఆయనే చెబుతాడు. ఆ సంగతి ఆయనకి ఆ క్షణంలో బాగా అర్థమైంది. అర్థమైనందుకే మరీ కోపమొచ్చింది.

"అది వేరు, ఇది వేరు" అని కారెక్కి వచ్చేశాడు.

తొమ్మిదో రోజు పొద్దున చొక్కా తొడుక్కున్న టైరుతో దర్జీ బస్సు వెంట బయల్దేరాడు. చక్రం తిరిగినప్పుడల్లా తాడు కొస టపటపమని కొట్టుకుంటోంది. సిగ్నల్ దగ్గర బస్సు కిటికీ జరిగింది.

"ఏమిటండీ ఆ చప్పుడు? టైరుకి ఏం తొడిగారు?"

"చొక్కా."

బస్సంతా పగలబడి నవ్వింది. ముందు సీట్లవాళ్లు కూడా పార్టీ మార్చి నవ్వారు. ఆమె ఒక్కతే నవ్వలేదు.

"ఏమండీ, నాకు భయంగా ఉంది. ఇక్కడే ఆపేయండి" అంది. అరవలేదు, మామూలుగానే అంది.

"భయమెందుకే? రెండు వరసల కుట్టు వేశాను" అన్నాడు దర్జీ.

పచ్చ లైటు పడింది. బస్సు మలుపు తిరిగి స్టాపు దగ్గర ఆగబోతోంది. దర్జీ కూడా వేగం తగ్గించాడు, అది ఆయన అదృష్టం. ఢామ్మని పేలిన చప్పుడుకి కరెంటు తీగల మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. కారు తాగినవాడిలా ఒక పక్కకి ఊగి, రోడ్డు అంచు రాళ్లకి ఒరుసుకుని, నిట్టూర్చినట్టు ఆగిపోయింది. మూడు పొరల కాన్వాసు మూడు దిక్కులకి ఎగిరింది. ఒక ముక్క వెళ్లి బస్సు వెనక అద్దానికి అతుక్కుంది.

దర్జీకి ఏమీ కాలేదు. చేతులు మాత్రం స్టీరింగును వదలనంటున్నాయి. ముందు అద్దంలోంచి చూస్తే బస్సు దిగి భార్య పరుగెత్తుకొస్తోంది. ఒక కాలికి చెప్పు లేదు. ఆమె పరుగెత్తడం చూసి ఎన్నేళ్లైందో ఆయనకి గుర్తు రాలేదు. వచ్చీ రాగానే కిటికీలోంచి చెయ్యి పెట్టి తల తడిమింది, భుజం తడిమింది, వేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు చూసింది. అన్నీ ఉన్నాయని తేలాక, సంచితో ఆ భుజం మీదే నాలుగు దెబ్బలు వేసింది.

"మీ కుట్టూ మీరూ! మీకేమైనా అయితే నేనెవరితో పోట్లాడుకోవాలి?"

అప్పుడు ఏడ్చింది. దర్జీకి చెంపదెబ్బ తిన్నట్టయింది. కిందికి దిగి, ఏం చేయాలో తోచక, రోడ్డు మీద పడున్న గుడ్డముక్క తీసి చూశాడు. కుట్టు కుట్టులాగే ఉంది, ఒక్క పోగు తెగలేదు. దాని చుట్టూ ఉన్నదంతా పోయింది.

"చివికినదానికి కుట్టు నిలవదు. నాకు తెలుసు" అన్నాడు. "నీ తమ్ముడు అడిగిన రోజే తెలుసు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు, అంతే. నన్ను నాలుగు తిట్టు."

"నాలుగు సరిపోవు."

కండక్టరు దూరం నుంచే ఆమె రెండో చెప్పు పైకెత్తి చూపించాడు. "అమ్మా, ఎక్కుతారా?"

"మీరు వెళ్లండి నాయనా. చెప్పు అక్కడ పెట్టేయండి."

దర్జీ బావమరిదికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, నాలుగు టైర్లు పట్టుకురా. కొత్తవి. డిక్కీలో ఉండాల్సిన టైరు ఎప్పుడో ముందుకి వేసేశాను, కాబట్టి ఐదు తీసుకురా." అవతల నుంచి "బావా, తలకి దెబ్బేమైనా తగిలిందా?" అని వినిపించింది.

ఫోన్ పెట్టేసి చూసేసరికి భార్య కారు అటువైపు వెళ్లి, నీలం తలుపు తెరుచుకుని, పక్క సీట్లో కూర్చునుంది.

"టైర్లు మార్చేదాకా ఎక్కనన్నావుగా?" అన్నాడు దర్జీ.

"నడిచే కారు ఎక్కనన్నాను. ఇది ఎటూ కదలదుగా. ఇంతకంటే భద్రమైన కారు ఈ రోడ్డు మీద ఇంకోటి లేదు."

"ఆసుపత్రికి ఆలస్యమవుతుందే."

"అవనీయండి. చీటీలు ఎవరో ఒకరు రాస్తారు. కూర్చోండి."

ఆయన వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. కారు ఒక మూలకి ఒరిగి ఉండటంతో ఆమె జారి ఆయనవైపే వచ్చేస్తోంది. సర్దుకుని కూర్చోవడానికి ఆమె పెద్దగా ప్రయత్నించలేదు. ఆసుపత్రిలో మాటలు మానేసినవాళ్లు మళ్లీ మాట్లాడుకున్నారట. బస్సులో వెనక సీట్లో ఒకావిడ మనవరాలికి గౌను కుట్టించుకోవాలట, మనసులో ఈయన్నే అనుకుందట. ఈయన పోయిన వారం ఒకాయన ప్యాంటుకి రెండు కాళ్లూ ఎడమవే కత్తిరించాడు. ఆ సంగతి చెప్పడానికి ఎవరూ దొరక్క తొమ్మిది రోజులు కడుపులో దాచుకున్నాడు. ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

బావమరిది ఐదు టైర్లు వేసుకుని వచ్చేశాడు. రోడ్డు మీద గుడ్డముక్కలు ఏరుతూ, నవ్వు ఆపుకుంటూ, కారు అద్దం మీద తట్టాడు.

"అక్కా, బావా, ఇద్దరూ దిగండి. జాకీ పెట్టాలి."

దర్జీ అద్దం కొంచెం కిందికి దించాడు.

"కాసేపు ఆగరా. ఇప్పుడే ఎక్కింది."