గురువారం విమానం

నాకు నోటి దురుసు ఎక్కువ. బెంజ్ సర్కిల్లో మా ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కినవాళ్ళెవరైనా ఆ మాట ఒప్పుకుంటారు. "మీకు టికెట్ కావాలా, జాతకం కావాలా?" అని కస్టమర్ల మొహమ్మీదే అడిగినవాణ్ణి. అలాంటివాణ్ణి చివరికి బల్ల సొరుగులో పంచాంగం పెట్టుకుని కూర్చున్నాను. షేక్ మునీర్ ప్రయాణానికి రోజు చెబితే తిరుగులేదని ఉయ్యూరు దాకా పేరు పాకింది. నవ్వొస్తోంది కదా? నాక్కూడా అప్పట్లో నవ్వే వచ్చేది.

తొంభైల్లో మన కృష్ణా జిల్లా పిల్లలు మెడిసిన్ చదువుకి మధ్య ఆసియా వైపు వెళ్ళడం మొదలైంది. ఇక్కడ సీటు రానివాళ్ళకి అక్కడ సీటు సులువు. వాళ్ళని తీసుకెళ్ళేది అక్సారీ ఎయిర్‌వేస్, అక్కడి ఒక దేశపు జాతీయ విమాన సంస్థ. విజయవాడలో దాని టికెట్లు అమ్మేది నేనొక్కణ్ణే.

ఆ కంపెనీ పుట్టుక వింటే మీకు విమానం ఎక్కబుద్ధి కాదు. సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్ళూ అక్కడ అందరికీ కలిపి ఒకటే విమానాల కంపెనీ. తొంభై ఒకటిలో దేశం ముక్కలైనప్పుడు పంపకాలకి పెద్దమనుషులెవరూ కూర్చోలేదు. ఆ రోజున ఎవరి నేల మీద ఏ విమానం నిలబడి ఉందో అది వాళ్ళదే. అన్నదమ్ములు వేరుపడితే ఎవరి గదిలో ఉన్న బీరువా వాడికే అన్నట్టు. అక్సారీ వాటాకి టుపలేవ్-154లు పన్నెండు, పొట్టి యాక్-40లు పదిహేను, రెక్కలకి పంకాలుండే ఆంతొనోవ్‌లు కొన్ని దక్కాయి. పాత పేరు మీద నీలం రంగు కొట్టి, తోక మీద మంచుకొండ బొమ్మ గీసి, మాదీ ఒక ఎయిర్‌లైన్సే అన్నారు. రంగైతే కొట్టారుగానీ స్పేర్ పార్టులు చేసే ఫ్యాక్టరీలన్నీ వేరే దేశాల్లో ఉండిపోయాయి.

ఏటా వాళ్ళ ఢిల్లీ ఆఫీసు నుంచి ఫ్యాక్స్ వచ్చేది, ఈ ఏడు మా దగ్గర ఇన్ని విమానాలున్నాయని. మిగతా ఏజెంట్లు దాన్ని చించి పారేసేవాళ్ళు. నేను ఫైల్ చేసేవాణ్ణి. తొంభై మూడులో టుపలేవ్‌లు పన్నెండు. తొంభై ఐదులో తొమ్మిది. తొంభై ఏడులో ఐదు. ఒక్కటీ కూలినట్టు పేపర్లో రాలేదు, ఒక్కటీ అమ్మినట్టు ఎవరూ చెప్పలేదు. మరి ఏమైపోతున్నాయిరా అల్లా అనుకునేవాణ్ణి.

తొంభై ఏడులోనే తెలిసింది. ఏజెంట్లకి ఊరికే టికెట్ ఇచ్చి వాళ్ళ దేశం తిప్పి చూపిస్తామంటే ఎగేసుకుంటూ వెళ్ళాను. ఢిల్లీలో ఎక్కింది గురువారం టుపలేవ్. నా ముందు సీటు వీపు, చెయ్యి వేస్తే ముందుకి పడిపోయింది. నెత్తి మీద సామాన్ల అర మూతకి ప్లాస్టరు అతికించి ఉంది. అత్యవసర ద్వారానికి అడ్డంగా ఎవరివో దుప్పట్ల మూటలు. అందరికంటే ఆఖర్న ఒక ముసలి మెకానిక్ సామాన్ల పెట్టెతో ఎక్కి, తలుపుని కాలితో ఒక్క తన్ను తన్ని మూశాడు. బందరు బస్సులో కూడా అంత మోటుగా తలుపు వెయ్యగా నేను చూడలేదు.

ఆ మెకానిక్ వచ్చి నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. అక్కడ చదివే మన కుర్రాడొకడు వెనక సీట్లో ఉంటే, వాడి చేత మాట చెప్పించి అడిగాను, పన్నెండు విమానాలు ఐదెలా అయ్యాయని. అతను వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. ఇదిగో ఈ విమానానికి కుడి ఇంజను ఒకదాన్లోంచి పీకిందట, చక్రాలు మరోదానివట, గాలి పంపు ఇంకోదానిదట. "ఇది ఒక విమానం కాదు, నాలుగు విమానాలు" అన్నాడు. ఆపైన, అడక్కుండానే, "మా ఇంట్లోవాళ్ళని నేను రైల్లోనే పంపిస్తాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ పెళ్ళాం పిల్లలు రైల్లో పోవాలి, మా పిల్లలు మాత్రం ఇందులో చావాలా అని తెలుగులోనే తిట్టాను. ఆ కుర్రాడు దాన్ని అతనికి చెప్పలేదు. తిరుగు ప్రయాణంలో మూడు గంటలూ కలిమా చదువుకుంటూనే ఉన్నాను.

మరుసటేడు అక్సారీవాళ్ళు ఒక బోయింగ్‌ని అద్దెకి తెచ్చారు. కొత్తది, శుభ్రమైనది. అది ఆదివారం తిరిగేది. గురువారం మాత్రం ఎప్పటిలా టుపలేవే. ఆదివారం సీట్ల కోసం నేను అడిగితే ఢిల్లీ ఆఫీసువాడు ఒకటే మాట: "గురువారం నింపు, అప్పుడు ఆదివారం ఇస్తాను. లేకపోతే గుంటూరు ఏజెంటుకి ఇచ్చేస్తాను." మన పిల్లల తల్లిదండ్రులకి ఏది ఏ విమానమో తెలియదు. వాళ్ళు అడిగేది ఒక్కటే, ఏ రోజు మంచిదని.

ఆ దారి నాకు చూపించింది ఉయ్యూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనే. "ఆదివారం పడమరకి వారశూల కదండీ బాబూ, ఎలా పంపిస్తాం?" అన్నాడు. ఏ వారం ఏ దిక్కుకి వెళ్ళకూడదో వారశూల చెబుతుందట. పంచాంగం కొనుక్కొచ్చి చూశాను. నిజమే. ఆది, శుక్రవారాలు పడమటి ప్రయాణం పనికిరాదు. పైగా ఆదివారం బోయింగ్ కదిలేది సాయంత్రం ఐదింటికి, నడి రాహుకాలంలో. గురువారం టుపలేవ్ మూడు ఇరవైకి, రాహుకాలం దాటాక. కొత్త విమానానికి దోషాలన్నీ, పాత డొక్కుకి శుభాలన్నీ. ఇంకేం కావాలి నాకు? గోడ మీద మ్యాపు తగిలించాను. "అది పడమర కాదండీ, ఉత్తరం కదా?" అని ఎవరైనా అంటే స్కేలు పెట్టి మరీ వాదించేవాణ్ణి. సాయిబు మన శాస్త్రం ఎంత శ్రద్ధగా చూస్తాడో అని మురిసిపోయేవాళ్ళు. నేనొక్క అబద్ధం ఆడలేదు. పంచాంగంలో ఉన్నదే చదివాను. రాత్రి ఇంటికి పోయి మా ఆపా కరీమున్నీసా పెట్టిన అన్నం సుబ్బరంగా తినేవాణ్ణి.

ఆపా మా అక్క. మొగుడు పోయాక పసిగుడ్డు నసీమాని తీసుకుని నా దగ్గరికి వచ్చేసింది. నాకు పిల్లల్లేరు. ఆ పిల్లని భుజం మీద పెట్టుకుని పెంచాను. తొంభై తొమ్మిదిలో నసీమాకీ అక్కడే మెడిసిన్ సీటు వచ్చింది. దాని స్నేహితురాలు ఉషశ్రీకి కూడా వచ్చింది. ఉషశ్రీ ఉయ్యూరు చెరుకు రైతు రామకోటేశ్వరరావు గారి అమ్మాయి. ఇద్దరూ ఇంటర్ నుంచీ ఒకే బెంచీ.

ఆ ఆగస్టులో అక్కడినుంచి ఒక స్టూడెంట్ ఫోన్ చేశాడు. వాళ్ళ ఎయిర్‌పోర్టులో టుపలేవ్ చక్రాలు అంటుకుని కాలిపోయిందట, మనుషులు ఎలాగో బయటపడ్డారట, పేపర్లో వెయ్యనివ్వలేదట. వారానికి ఫ్యాక్స్ వచ్చింది. టుపలేవ్‌లు: రెండు. దాన్నీ ఫైల్లో పెట్టాను. సెప్టెంబర్‌లో ఉషశ్రీకి గురువారం రాశాను. నసీమాకి ఆదివారం రాశాను.

"మనిద్దరం కలిసి వెళ్దామనుకుంటే ఇదేంటి మామూ?" అని నసీమా అలిగింది.

"ఢిల్లీలో మీ ఖాలా నిన్ను చూస్తానంది. మూడు రోజులుండి వెళ్ళు" అన్నాను. ఖాలా అంటే దాని పిన్ని.

"గురువారం మంచిదని ఊరందరికీ చెప్తావుగా!"

"అది వాళ్ళకి. మనకి అన్ని రోజులూ అల్లావే" అన్నాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఇద్దరూ మిగతా పిల్లలతో కలిసి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వెళ్ళారు.

ఆ గురువారం మధ్యాహ్నం రామకోటేశ్వరరావు గారు మా ఆఫీసుకి వచ్చారు. విమానం ఎక్కేముందు పిల్లలు నా నంబరుకి ఫోన్ చెయ్యడం, తల్లిదండ్రులు నా ఎదురు కుర్చీలో కూర్చుని మాట్లాడటం అప్పటి అలవాటు. ఆయన చేతిసంచీలో నాకోసం ఉయ్యూరు బెల్లం దిమ్మ తెచ్చారు.

"మీ చేతి మీదుగా పంపాం మునీర్ గారూ. ఇక బెంగ లేదండి" అన్నారు.

టీ తెప్పించాను. రెండుంబావుకి ఫోన్ మోగింది. నసీమా గొంతు.

"మామూ! నేనెక్కడున్నానో చెప్పుకో! ఎయిర్‌పోర్టులో ఉన్నా. నిన్న వాళ్ళ ఆఫీసుకెళ్ళి టికెట్ మార్పించుకున్నా. గురువారం ఖాళీలున్నాయని నవ్వుతూ ఇచ్చేశారు. ఉషా, నేనూ పక్కపక్క సీట్లు!"

చేతిలో టీ బల్ల మీద ఒలికింది. ఎదురుగా ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడన్న స్పృహ కూడా లేదు.

"ఎక్కొద్దు" అన్నాను.

"ఏంటి మామూ?"

"ఆ విమానం ఎక్కొద్దు! చెప్పింది విను. కడుపునొప్పని చెప్పు. ఎవరడిగినా అదే చెప్పు, ఇంకో ముక్క మాట్లాడకు. ఖాలా ఇంటికి పో. నీకు దండం పెడతానే తల్లీ, ఎక్కొద్దు!"

"అసలెందుకు మా..." అంటుండగానే లైను కట్ అయిపోయింది.

రిసీవర్ పెట్టి తలెత్తాను. రామకోటేశ్వరరావు గారు కుర్చీ అంచుకి జరిగి నన్నే చూస్తున్నారు.

"ఎవరండీ? నసీమానా?"

"అవునండి."

"ఆదివారం కదా ఆ పిల్ల వెళ్ళేది?"

"మార్చుకుందండి, తెలీకుండా."

ఆయన మోటు రైతేగానీ తెలివితక్కువవాడు కాదు. చాలా నెమ్మదిగా అడిగారు.

"మరి మా అమ్మాయో?"

నసీమాతో మాట్లాడిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. అందులో ఉషశ్రీ పేరు లేదు. ఎంత వెతికినా లేదు.

"ఇద్దర్నీ ఆగమనే చెప్పానండి" అన్నాను.

"ఎందుకని?"

"విమానం పాతదండి. ఎందుకైనా మంచిదని."

"పాతదని మీకు ఇప్పుడే తెలిసిందా?"

ఢిల్లీకి ఫోన్ తిప్పాను. ఎంగేజ్. మళ్ళీ తిప్పాను. ఎంగేజ్. పదకొండోసారికి వాళ్ళ ఆఫీసువాడు ఎత్తాడు. ఉషశ్రీ అనే ప్యాసింజర్‌ని ఆపమన్నాను, వాళ్ళ నాన్న కబురన్నాను. "ఎయిర్‌పోర్టు ఇక్కడుందా ఏమిటి మునీర్ భాయ్, పాతిక కిలోమీటర్లు" అన్నాడు. ఎయిర్‌పోర్టు నంబరు ఇమ్మంటే ఇచ్చాడు. అది మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత కంగారులోనూ మనసులో ఒక మూల, మా పిల్ల ఆగిపోయి ఉంటుందిలే అని చల్లగా ఉంది.

మూడు దాటింది. మూడు ఇరవై దాటింది. కింద బందరు రోడ్డు మీద లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. ఒలికిన టీ బల్ల అంచు నుంచి రామకోటేశ్వరరావు గారి పంచె మీద కారి మరకైనా చూసుకోలేదు. ఫోన్ వంకే చూస్తున్నారు.

నాలుగింటికి మోగింది.

"మామూ, నేనే. బయట బూత్‌లో ఉన్నా. ఆగిపోయా. సామాను తియ్యడానికి ఎంత గొడవ చేశారో!"

"ఉష ఏది?" అన్నాను.

"వెళ్ళిపోయింది కదా. విమానం లేచిపోయింది. నేను అద్దంలోంచి చూశా."

"నువ్వు దానికి చెప్పలేదూ?"

"ఏమని చెప్పను? ఎవరడిగినా కడుపునొప్పనే చెప్పమన్నావు. అదీ అడిగింది, అదే చెప్పా. పాపం, తనూ ఆగిపోతానంది మామూ, నన్నొక్కదాన్నే వదలలేనని. మీ నాన్న మంచిరోజు చూసి పంపారు, నువ్వెళ్ళు, నేను ఆదివారం వస్తానని నేనే బలవంతంగా తోసి పంపించా."

రిసీవర్ ఎప్పుడు పెట్టేశానో తెలియదు. రామకోటేశ్వరరావు గారు లేచి నిలబడి ఉన్నారు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, నా మొహంలోకి వంగి చూస్తున్నారు.

"ఇద్దరూ ఆగిపోయారు కదండీ?" అన్నారు.

"ఒక్కరే ఆగారండి" అన్నాను.

ఎవరని ఆయన అడగలేదు.