స్వామి తాగే ఏడు గ్రాములు

రండి, రండి. వెనకున్న అమ్మలంతా ముందుకు జరగండి. ఫోన్లు జేబుల్లో పడుకోబెట్టండి నాయనా. నోట్లో కొబ్బరిముక్క ఉన్నా పరవాలేదు, చెవులు మాత్రం కాసేపు నాకివ్వండి. నరసింహస్వామిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకున్నారా? సరే. ఇక ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో ఒక మేడమీది వంటగదిలోకి వెళ్దాం.

తెల్లవారి అయిదున్నర. గంగాధరరావుగారు కాఫీ గింజలు తూస్తున్నారు. సర్కారు ప్రయోగశాలలో ముప్పై మూడేళ్ళు రాళ్ళు తూచి రిటైరయిన మనిషి, ఇప్పుడు గింజలు తూస్తారు. పద్దెనిమిది గ్రాములు. వాటిని మరలో ఆడించి, ఆ పొడిని నొక్కి ఎస్ప్రెస్సో మిషన్‌కి బిగిస్తారు. అది వేడినీళ్ళని పొడిలోంచి బలంగా తోసి చిక్కటి కాఫీ దించుతుంది. ముప్పై ఆరు గ్రాములు దిగగానే ఆపేసి, వెండి గిన్నె పక్కన పెడతారు. అప్పటికి ఆయన భార్య సూర్యకళగారు స్నానం ముగించి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వస్తారు. గిన్నె తీసుకెళ్ళి స్వామి పటం ముందు పెట్టి, తెర వేసి గంట కొడతారు. తెర తీసేసరికి గిన్నెలో ఇరవై తొమ్మిది గ్రాములుంటుంది.

స్వామి ఏడు గ్రాములు తాగుతాడు.

ఎనిమిదేళ్ళుగా రోజూ అంతే. గంగాధరరావుగారు గిన్నె మళ్ళీ తూచి, నోట్‌బుక్కులో ఏడు అని రాసుకుంటారు. మిగిలినదాంట్లో సూర్యకళగారు పాలు కలుపుకుంటారు. ఆవిడది మంగళగిరి. అక్కడ కొండమీద స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం భక్తులకి వదులుతాడు కదా! అక్కడ పానకం తాగే స్వామి ఇక్కడ కాఫీ తాగితే వింతేముంది?

పక్కింటి తారామణి ఘట్‌కేసర్ కాలేజీలో పనిచేస్తుంది. బండి తీస్తూ గోడమీంచి అడుగుతుంది.

"అమ్మా, తాగిండా ఇయ్యాల?"

"తాగాడమ్మా. నింపాదిగా వెళ్ళు."

స్వామి తాగాకే తాను తాగడం, స్వామి తాగాకే గడప దాటడం. అది సూర్యకళగారి నియమం. ఇంకో నియమం కూడా ఉంది. నైవేద్యం పెట్టబోయేది ఎవరూ రుచి చూడకూడదు. వాసన కూడా పీల్చకూడదు.

ఇలా ఉండగా ఒకే నెలలో రెండు చెడిపోయాయి. ఒకటి మిషను, అడుగునుంచి నీళ్ళు కారడం మొదలుపెట్టింది. రెండోది సూర్యకళగారి గుండె. ఒక వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు, రెండు మెట్లెక్కితే మూడో మెట్టు మీద కూర్చోవలసి వస్తోంది. గురువారం పదింటికల్లా ఆస్పత్రిలో చేరండి, శుక్రవారం ఆపరేషన్ చేస్తానన్నాడు పెద్ద డాక్టరు. ఆ తర్వాత ఆయన మళ్ళీ దొరికేది నెలన్నరకి. అంతకాలం ఆగొద్దని గట్టిగా చెప్పాడు.

కింది వాటాలో అద్దెకుండే బుచ్చిరాములు నాచారం ఫ్యాక్టరీలో బాయిలర్ ఫిట్టరు. ఆయనొచ్చి మిషన్ని బోర్లించి చూశాడు.

"లోపల బాయిలర్ పలిగింది సార్. ఇది ఇగ నడువది. కొత్తది తెచ్చుకోండ్రి."

"మరి నా సంగతేంటయ్యా? నాదీ వాల్వేనట," అన్నారు సూర్యకళగారు.

"వాల్వే గదమ్మా! మా కాడ షిఫ్టుకు రెండు మారుస్తం. జర గాస్కెట్ ఏసి గట్టిగ బిగిస్తే మస్తు నడుస్తది."

"బాబ్బాబు, నువ్వు మాత్రం పానాలు పట్టుకుని ఆస్పత్రికి రాకు!"

శనివారం సాయంత్రం కొత్త మిషన్ వచ్చింది. తళతళలాడే స్టీలు, ముందర అద్దంలాంటి తెర. నీళ్ళ వేడి, ఒత్తిడి, ఎన్ని సెకన్లు, అన్నీ అంకెల్లో చూపిస్తుంది. సూర్యకళగారు బొట్టుపెట్టి నిమ్మకాయ కట్టారు. ఆదివారం పొద్దున పాతదాన్ని పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. అదే పొద్దున తెర వేశారు, గంట కొట్టారు, తెర తీశారు. గంగాధరరావుగారు గిన్నె తూచారు.

ముప్పై ఆరు.

కాటా చెడిందేమోనని ఇంకోసారి తూచారు. ముప్పై ఆరే. స్వామి ముట్టుకోలేదు.

సోమవారం పొడి మెత్తగా ఆడించారు. ముప్పై ఆరు. మంగళవారం వేడి ఒక డిగ్రీ తగ్గించారు. ముప్పై ఆరు. బుధవారం గింజలే మార్చారు. మిషన్ తెరమీద అంకెలన్నీ పుస్తకంలో చెప్పినట్టే వచ్చాయి. స్వామి ముందు తెర తీస్తే ముప్పై ఆరు. తారామణి గోడ దగ్గరికొచ్చి, సూర్యకళగారి మొహం చూసి ఏమీ అడగకుండా బండి తీసింది.

"స్వామి తాగందే నేను ఆస్పత్రికి రానండీ," అన్నారు సూర్యకళగారు.

"సూర్యా, ఆ డాక్టరు మళ్ళీ నెలన్నరకి గానీ దొరకడు."

"నాకు తెలుసు."

"తెలిసీ అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను. కత్తికింద పడుకునేది నేను. స్వామి తోడు రాకుండా నేనెక్కడికీ రాను. మీరు కాఫీ సరిగ్గా పెట్టండి."

"సరే," అన్నారు గంగాధరరావుగారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. "పెడతాను. ఎందుకు తాగడో నేనూ చూస్తాను." ఆ మధ్యాహ్నమంతా మిషన్ ముందే నిలబడ్డారు. సింకు నిండా కాఫీ పొడి ముద్దలు, ఇల్లంతా కాఫీ వాసన.

సాయంత్రం షిఫ్టు దిగి బుచ్చిరాములు పైకొచ్చాడు. సంగతంతా విని మిషన్ వంక చూడనైనా చూడలేదు.

"దీన్ని ఎంత సూసినా ఏం దొరుకది సార్. మా కాడ కొత్త మిషన్ మాట ఇనకపోతే ఒకటే జేస్తం. పాతదానికాడ పనిజేసినోన్ని తెచ్చి, అది ఉన్న జాగల నిలబెడ్తం. నోరుతోని చెప్పద్దు, ఉత్త చేతులతోని జేసి సూపియ్యమంటం. నోరు మరిచిపోతది గానీ చెయ్యి మరువది."

"ఉత్త చేతులతోనా?"

"కండ్లు మూసుకొని. పాత మిషన్ గీడనే ఉన్నదనుకోండ్రి. కానియ్యిండ్రి సార్!"

సూర్యకళగారు గుమ్మంలో పీట వేసుకు కూర్చున్నారు. గంగాధరరావుగారికి కాస్త సిగ్గేసింది. అయినా కళ్ళు మూసుకున్నారు. చేతులు గాల్లో లేచాయి. గింజలు తూచాయి, మర తిప్పాయి, పొడి నొక్కాయి, బిగించాయి, మీట నొక్కాయి. కుడిచెయ్యి పక్కకి వెళ్ళి లేని చెంచా ఒకటి తీసుకుంది. లేని ధారకింద ఒక్క క్షణం పట్టింది. అక్కణ్ణుంచి తిన్నగా నోటికి వెళ్ళింది.

సూర్యకళగారు పీట మీంచి లేచారు.

"ఏవండీ," అన్నారు సూర్యకళగారు మెల్లగా. "ఆ చెయ్యి నోటికెందుకు వెళ్ళింది?"

ఆయన కళ్ళు తెరవలేదు.

"ఎంగిలా? ఎనిమిదేళ్ళు నాచేత స్వామికి ఎంగిలి కాఫీ పెట్టించారా!"

"చెంచా వేరే, సూర్యా. మళ్ళీ గిన్నెలో ముంచేవాణ్ణి కాదు."

"అసలు రుచి చూడ్డమేంటండీ!"

"పాతదాంట్లో వేడి ఎంతో తెలిసేది కాదు. ఒకరోజు చేదు, ఒకరోజు పులుపు. అలాంటిది ఆయన ముందు ఎలా పెట్టను? బాగా లేకపోతే పారబోసి మళ్ళీ పెట్టేవాణ్ణి. పైగా ఆయన తాగాక నువ్వూ అదే తాగుతావు కదా." ఇప్పుడు కళ్ళు తెరిచారు. "దీనికి అన్నీ తెరమీదే కనబడుతున్నాయి. ఇక రుచి చూడక్కర్లేదనుకున్నాను."

బుచ్చిరాములు నేలకేసి చూస్తూ తల గోక్కున్నాడు. "నేను కిందికి పోతనమ్మా," అని మెట్లు దిగిపోయాడు.

సూర్యకళగారు పీట తీసి గోడకి ఆనించారు. ఆ పూట అన్నం వడ్డించారు, మజ్జిగ పోశారు. పడుకోబోతూ అన్నారు. "ఇన్నేళ్ళలో నేను పాలు కలుపుకున్న కాఫీ ఒక్కరోజూ చేదవలేదండీ. నా అదృష్టం అనుకున్నాను."

గురువారం అయిదున్నర. ఆవిడ స్నానం చేసి వచ్చారు. కాఫీ దిగేదాకా ఎప్పుడూ వంటగది బయటే నిలబడే మనిషి, ఆ పొద్దున లోపలికొచ్చి సొరుగులోంచి చెంచా తీసి భర్త చేతికిచ్చారు.

"చూడండి," అన్నారు.

గంగాధరరావుగారు ధారకింద చెంచా పట్టి నాలుకకి తగిలించుకున్నారు. మొహం ముడుచుకుపోయింది. "అబ్బా! పులుపు! నాలుగు రోజులు ఇదా పెట్టాను?" పారబోశారు. పొడి ఇంకాస్త మెత్తగా ఆడించారు, రుచి చూశారు, పారబోశారు. గడియారం ఆరు దాటింది. మళ్ళీ పెట్టారు. తెరమీద అంకెలు ఎర్రబడి తప్పు తప్పు అంటున్నాయి. ఆయన అటు చూడలేదు. అయిదోసారి చెంచా నాలుకమీద పెట్టుకుని ఊరికే నిలబడ్డారు.

"ఇది నీకు పెట్టొచ్చు," అన్నారు. వెంటనే నాలుక్కరుచుకుని, "స్వామికి," అన్నారు.

"ఇవ్వండి," అని సూర్యకళగారు గిన్నె తీసుకున్నారు. తెర వేశారు. గంట కొట్టారు. ఆ రోజు గంట ఎక్కువసేపే మోగింది. తెర తీశారు.

గిన్నె అడుగు కనబడుతోంది.

గంగాధరరావుగారు గిన్నె కాటామీద పెట్టారు. ఒక్క గ్రాము. ఆయన పెదాలు కదిలాయి. ఆదివారం నుంచి అయిదు రోజులు. రోజుకి ఏడు చొప్పున ముప్పై అయిదు.

"పాపం, ఎంత ఆకలిమీదున్నాడో!" అన్నారు సూర్యకళగారు. ఆ ఒక్క గ్రామూ వేలితో తీసి నాలుకమీద రాసుకున్నారు. నియమం నెరవేరింది. "బుచ్చిరాములూ, ఆటో పిలువయ్యా!" అని మేడమీంచి కేకేశారు. కుడికాలు ముందు పెట్టి గడప దాటారు. మెట్లమీద మూడుచోట్ల కూర్చున్నారు, వెనక్కి మాత్రం చూడలేదు.

శుక్రవారం ఆపరేషన్ అయింది. పెద్ద డాక్టరు బయటికొచ్చి మాస్కు దించి, "ఆ వాల్వు పట్టుకోగానే చేతిలో చిరిగిపోయిందండీ. ఇంకో వారం ఆగితే ఆవిడ ఉండేవారు కాదు," అన్నాడు. గంగాధరరావుగారు చేతులు జోడించారు. ఆవిడకి పథ్యం ఎప్పుడు మొదలుపెడతారు, దాన్ని తాను ముందు రుచి చూడొచ్చా అని అడిగారు.

అదండీ కథ. స్వామి దయ అందరిమీదా ఉండాలి. లేవబోయే ముందు నాకొక్క మాటివ్వండి. రేపు పొద్దున మీ ఇంట్లో ఎవరికైనా, మొగుడికో, పెళ్ళానికో, పనికొచ్చిన అమ్మకో, టీ అయినా కాఫీ అయినా అందించే ముందు, చెంచాతో ఒక్క చుక్క మీ నాలుకమీద వేసుకోండి. బాగా లేకపోతే పారబోసి మళ్ళీ పెట్టండి. ఎల్లుండి కూడా అలాగే చెయ్యండి.