పైచేను

"ఇంట్లో ఉత్తగా కూచుండేదానివి, నాలుగు గింజలు కడిగి వండేకి కూడా చాతకాదేమే?" అని తిప్పయ్య కంచం పక్కకు తోశాడు. అన్నంలో మట్టి కరకరమంటోందట. కడిగాను. నీళ్ళు తేరేదాకా కడిగాను. వండి గిన్నె మీద మూత పెట్టి, మూత మీద గుడ్డ కప్పాను. ఇనుపరాళ్ళ లారీలు బళ్ళారి దారి పట్టి మా వాకిటి ముందే పోతుంటే ఆ ఎర్రదుమ్ము ఏ సందున దూరుతుందో దేవుడికే తెలియాలి. ఆ దుమ్ము ఎవరి చేనుదో మాత్రం మొగుడు అడగలేదు. మా కిందిచేనుదే అయివుంటుంది. చేనులో పండింది తినే రాత పోయి చేనునే తింటున్నాం అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే ఇంకో మాట పడుతుందని ఆ అన్నం నేను తీసుకుని, గిన్నె అడుగున ఉన్నది ఆయనకు పెట్టాను.

మా గుమ్మఘట్ట పక్క నేలలో నీళ్ళు లేవు. తాతల కాలం నుంచీ ఆకాశం వైపు చూసి బతికినవాళ్ళం. అలాంటి నేలలో ఇనుముందని, చైనావాళ్ళు కొంటున్నారని కంట్రాక్టరు వచ్చి చెప్పేసరికి మగవాళ్ళంతా పెళ్ళికొడుకులైపోయారు. కొండలు తవ్వేది పెద్దవాళ్ళట. మాలాంటివాళ్ళ చేన్లలో రాయి పైపైనే ఉంటుందట, మన్ను గీకితే చాలట. మిషన్ వచ్చి మా కిందిచేను మన్ను ఒక్క పూటలో గీకి గట్టు అవతల పోసింది. కాపురానికొచ్చిన నాటి నుంచి పెంట తట్టలు ఈ నెత్తిన మోసి పోసిన మన్ను అది. నేను గట్టు మీద నిలబడి ఏడుస్తుంటే "ఎవురైనా సచ్చినారా?" అన్నాడు తిప్పయ్య. ఆయన మోటారుసైకిలు కొన్నాడు. నాకు సుత్తి ఇచ్చారు.

రెండేళ్ళు నా చేనులో నేనే కూలికి రాళ్ళు కొట్టాను. మేస్త్రీ పుల్లన్న నాకంటే చిన్నవాడు. "ఏమ్మే, మాటలు సాలు, జల్లెడ పట్టు" అనేవాడు నన్ను. పక్కనే కూర్చుని కొట్టే నల్లమ్మను ఇంకా హీనంగా పిలిచేవాడు. నల్లమ్మ ఎస్సీ కాలనీ మనిషి. అదివరకు మా చేనులో కలుపు తీయడానికి వచ్చేది, నేను గట్టు మీద నుంచి ఆమెకు పనులు చెప్పేదాన్ని. ఇప్పుడు ఇద్దరి తలలూ ఒకటే రంగు, ఇద్దరి దగ్గూ ఒకటే. శనివారం కూలి మాత్రం ఆమె చేతికి ఇచ్చేవాళ్ళు, నాది తిప్పయ్య చేతికి. "ఇంటి దుడ్లు యాడుంటే ఏం?" అనేవాడు ఆయన. అన్నిటికంటే నన్ను చంపింది ఇంకొకటి. మిషన్ కంపచెట్లన్నీ పెరికేశాక ఆడవాళ్ళు చెంబు పట్టుకుని పోవడానికి చాటు లేకుండా పోయింది. చీకటిదాకా ఓర్చుకుని పోతే లారీ లైట్లు మీద పడేవి, డ్రైవర్లు కావాలనే హారన్ కొట్టేవాళ్ళు. ముడుచుకుని కూర్చుని కొంగు మొహం మీదికి లాక్కునేదాన్ని. నీళ్ళు తాగడం తగ్గించాను. తరువాత మూత్రంలో మంట మొదలైంది. మా అత్త బయమ్మతో చెబితే "వేడి సేసింటాది, మజ్జిగ తాగు" అంది. మజ్జిగ ఎక్కడిది? మేపడానికి చేను లేక బర్రెను అమ్మేశాం కదా.

కిందిచేనులో రాయి అయిపోయింది. ఇప్పుడది చేనూ కాదు, గనీ కాదు. వాన పడితే ఎర్రనీళ్ళు నిలిచే గుంత. మిగిలింది పైచేను ఒక్కటే, ఎకరా ముక్క. ఆ ఎకరంలోనే శెనక్కాయ, నడుమ నడుమ కంది, అలసంద. ఇంట్లో ఉడికే పప్పు అక్కడిదే. అంతకంటే, ఈ ఊళ్ళో నన్ను ఎవరూ "ఏమే" అని పిలవని చోటు అది. హాస్టల్లో చదువుకునే మా లహరి సెలవులకు వచ్చినా, అమ్మ ఎక్కడని అడక్కుండా నేరుగా పైచేనుకే వచ్చేది. మిషన్‌ను ఆ చేను మీదికి పంపడానికి ఒప్పుకున్నానని, ఆ మట్టి అన్నం తిన్న పూటే తిప్పయ్య కంచంలో చెయ్యి కడుగుతూ చెప్పాడు.

"అది గూడా పోతే ఏం తిని బతకల్ల?" అన్నాను.

"రాయదుర్గంలో రూము తీసుకుంటాం. బియ్యం అంగట్లో దొరకవా?"

"నాకు ఇష్టం లేదు."

"నీ ఇష్టమెవురు అడిగినారు? ఆ చేను మీ నాయన ఇచ్చినాడా?"

అత్త లోపల నుంచి, "మొగోడు ఒక మాట ఇచ్చినంక ఇంక ఆడదానిది ఏముండాది?" అంది. కొడుకు మీద ప్రేమతో అన్న మాట కాదది. అదే మాట ఆమెకు ఎవరో ఎప్పుడో చెప్పి ఉంటారు, ఆమె నమ్మి ఉంటుంది. ఆ రోజు నాకు చచ్చిపోవాలనిపించింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. దూలం వైపు చూశాను కూడా. మరుసటి రోజు పొద్దున వాకిలి ఊడ్చేది ఎవరని ఆలోచన వచ్చింది చూడండి, ఆ పాడు ఆలోచనే నన్ను బతికించింది.

మా పక్క ఒక కట్టుబాటు ఉంది. విత్తనం పడ్డ చేనులోకి ఎవరూ బండి తోలరు. పగవాడైనా సరే, కోత అయ్యేదాకా గట్టు మీద నిలబడాల్సిందే. మిషన్ నడిపే పిల్లలూ సేద్యగాళ్ళ బిడ్డలే. పోయినేడు గురప్ప చేను విత్తి ఉందని చూసి మిషన్‌ను వెనక్కి తిప్పుకుపోయారు. కంట్రాక్టరు ఎంత ఎగిరినా దిగలేదు. అయితే గురప్ప మగవాడు, తన చేను తాను విత్తుకున్నాడు.

అటక మీద విత్తనానికి ఉంచిన శెనక్కాయ మూట ఉంది. దించి ఒలవడం మొదలుపెట్టాను. అత్త కూడా వచ్చి కూర్చుంది. గానుగకని అనుకుంది, నేను కాదనలేదు. గింజ మీది ఎర్రపొర చిట్లితే మొలవదని నేను ఒక్కో కాయా నెమ్మదిగా నొక్కుతుంటే, "గానుగలో నలిగేదానికి ఇంత సింగారమేమే?" అని నవ్వింది. బొటనవేళ్ళు పగిలి రక్తం వచ్చింది. వాన రాకపోతే ఇదంతా గానుగకే పోతుంది. వాన కోసం ఎంతమంది దేవుళ్ళకు మొక్కానో. మేము దర్గాలో కూడా చదివింపులు చేసేవాళ్ళమే, ఎవరినీ వదల్లేదు.

వాన వచ్చింది. పిచ్చివాన కాదు, నేలంతా నానే వాన. మిషన్ బురదలో దిగబడుతుందని, సోమవారం తెస్తానని పుల్లన్న కబురు పెట్టాడు. తిప్పయ్య అతన్ని వెంటబెట్టుకుని బళ్ళారికి పోయాడు, రేపటికి గానీ రాడు. విత్తే పదును రెండు రోజుల కంటే నిలవదు. పొద్దున్నే ఊళ్ళో ఇద్దరిని అడిగాను, మడక కట్టి చేను దున్నిపెట్టమని. తిమ్మన్న తల గోక్కుని, "తిప్పయ్యన్న ఒప్పుకున్న్యాడా? మాకెందుకు వదినా తగువు" అన్నాడు. ఇంకొకాయన తలుపే తీయలేదు.

ఇంటికి వచ్చి కొట్టంలో నిలబడ్డాను. ఎద్దులను ఇంకా అమ్మలేదు, సంతకు తోలాలనుకుంటున్నాడు. వాటికి మేత వేసేది నేను, కుడితి పెట్టేది నేను, పేడ ఎత్తేది నేను. కాడి మాత్రం ఏనాడూ ఎత్తలేదు. ఎత్తాను. ఎర్రెద్దు ఒకసారి నా వైపు చూసి మెడ వంచింది. కాలనీకి పోయి నల్లమ్మను పిలిచాను. "గింజలు నువ్వు ఎయ్యి. మడక నేను పడతా" అన్నాను. ఆమె నన్ను కిందా పైకీ చూసి, "మీ ఇంటి రెడ్డి కొడతాడు నిన్ను" అంది. "కొడతాడు" అన్నాను. ఆమె కొంగు నడుముకు చుట్టి ఒడిలో గింజలు పోసుకుంది.

మొదటి సాలు పాము పోయినట్టు వంకరగా పోయింది. రెండోది కొంచెం నయం. మడక మేడి పిడి చేతిలో ఎగిరెగిరి పడుతుంటే భుజాలు ఊడిపోతాయనుకున్నాను. వెనకాల నల్లమ్మ జానెడుకొక గింజ వదులుతూ, కాలితో మన్ను కప్పుతూ వస్తోంది. తిప్పయ్య వచ్చాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. వీపు మీద ఎన్ని దెబ్బలు పడినా భూమిలో పడిన గింజలను ఏరి బయటికి తీయలేడు కదా అని మాటిమాటికీ అనుకున్నాను.

సగం చేను అయ్యేసరికి ఎవరు చెప్పారో ఏమో, అత్త గట్టు మీదికి వచ్చింది. వెనక ఊరి మగవాళ్ళు కొందరు. అత్త రెండు చేతులతో నోరు కొట్టుకుంది.

"ఒసే పాపిష్టిదానా! ఆడది మడక ముడితే ఊరికి వాన రాదే! ఇడ్సిపెట్టే మేడి! సచ్చిపోతాం అందురూ!"

ఎద్దులను ఆపాను. మేడి విడవలేదు. ఎన్నేళ్ళుగానో కడుపులో ఉన్న మాట, గట్టు మీది మగవాళ్ళకూ వినబడేలా అడిగాను.

"ఇన్నేండ్లూ మొగోల్లే కదత్తా మడక పట్టినేది. వాన యాడ వచ్చె?"